మెలాక్సికామ్ సూదిమందు: పాడిరైతుగా పదమూడేళ్ల అనుభవం

మా కొట్టంలో ప్రస్తుతం ఆరు బర్రెలు, రెండు ఆవులు ఉన్నాయి. కిందటి వానాకాలం దాకా ఒక ముసలి ఎద్దు కూడా ఉండేది. ఈ పశువులకు జ్వరం వచ్చినా, పొదుగు వాచినా, కాలు బెణికినా మా పశువైద్యుడు రాసే నొప్పి మందు పదమూడేళ్లుగా దాదాపు ఒక్కటే, మెలాక్సికామ్. కంపెనీని బట్టి సీసా మీద పేరు మారుతుంది కాబట్టి, ఏ ఒక్క కంపెనీ సరుకునో కాక ఆ మందునే ఇక్కడ సమీక్షిస్తున్నాను. సూదిమందు మంచిచెడ్డలు ఎంచేటప్పుడు పశువు ఎంత త్వరగా లేచి మేత ముట్టింది, ఎన్ని పూటలకు పాలు మళ్లీ పెరిగాయి, ఖర్చెంత అయింది అనే మూడు ప్రశ్నల దగ్గరే రైతులం ఆగిపోతాం. ఆ పశువు బతకకపోతే దాని ఒంట్లో మిగిలిన మందు కళేబరాన్ని తినే ప్రాణిని ఏం చేస్తుందన్నది నాలుగో ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరూ అడగకుండానే మార్కెట్లోకి వచ్చిన డైక్లోఫెనాక్ అనే మరో నొప్పి మందు మన దేశంలో రాబందులను దాదాపుగా తుడిచిపెట్టింది కాబట్టి, ఈ సమీక్షలో దానికే ఎక్కువ చోటు దక్కుతుంది.

నేను ఈ మందు దగ్గరికి తెలివితో రాలేదు, తప్పు చేసి వచ్చాను. 2012 ఎండాకాలంలో మా ముర్రా బర్రెకు ఈనిన పదో రోజున పొదుగు కుడివైపు రాయిలా గట్టిపడింది. పాలలో తెల్లటి పలుకులు పడ్డాయి. కుడితి పెడితే మూతి తిప్పేసుకుంది. డాక్టరు గారు ఆ రోజు ఊళ్లో లేకపోవడంతో మండల కేంద్రంలోని ఒక మందుల షాపుకు వెళ్లి సంగతి చెబితే, అక్కడి మనిషి యాంటీబయాటిక్‌తో పాటు 30 మి.లీ. సీసా ఒకటి చేతిలో పెట్టి, ఇది వేస్తే పొద్దుటికల్లా మేత మేస్తుందని ధైర్యం చెప్పాడు. మరునాడు వచ్చిన డాక్టరు గారు ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసి, పశువైద్యానికి వాడరాదని ఇంగ్లీషులో సన్నగా అచ్చు వేసిన మాటను నా చేతనే చదివించారు. అది మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్. "మనిషికి ఒక మోతాదు 3 మి.లీ. ఈ సీసాలో పది మోతాదులు ఉన్నాయి. ఏ మనిషి కోసం ఇంత పెద్ద సీసా పోశారంటారు?" అని ఆయన అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికే సగం మందు బర్రె ఒంట్లోకి వెళ్లిపోయింది.

బర్రె తేరుకుంది. ఈ విషయం దాచకుండా చెప్పడం అవసరం, ఎందుకంటే డైక్లోఫెనాక్ పశువులకు పనిచేయని మందని ప్రచారం చేసేవాళ్ల మాటను ఏ రైతూ నమ్మడు. అది బాగా పనిచేసే మందు, చవకైన మందు, సూది వేసిన కొద్ది గంటల్లోనే ఫలితం కనిపించే మందు. అలాంటి మందును పక్కన పెట్టి మరొకటి వాడమని చెప్పాలంటే, ఆ రెండోది పశువుకు కూడా మేలైనదిగా ఉండాలి. పక్షి మీద జాలితో రైతు తన బర్రెకు నాసి మందు వేయించుకోవాలని ఎవరూ కోరకూడదు, కోరినా అది జరిగే పని కాదు. నా అనుభవంలో మెలాక్సికామ్‌కు అలాంటి జాలి అవసరం రాలేదు.

దాని అసలు బలం, ఒకసారి వేస్తే ఎక్కువసేపు పనిచేయడం. పాలిచ్చే ఆవు రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి 17 గంటలకు పైగా, పెయ్యల్లో 26 గంటల దాకా పడుతుందని ఐరోపాలో అమ్మే సీసాల వెంట వచ్చే కాగితాలు చెబుతాయి. అందుకే అక్కడ పశువులకు దీన్ని ఒకే ఒక్క సూదిగా సిఫారసు చేస్తారు. మా కొట్టంలో కూడా పొదుగువాపుకు, ఈత కష్టమైనప్పుడు, మూడు రోజుల జ్వరమని మేము పిలిచే జబ్బుకు డాక్టరు గారు సాధారణంగా ఒక సూదితోనే సరిపెడతారు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే రెండో సూది వేస్తారు. డైక్లోఫెనాక్ రోజుల్లో వరుసగా మూడు రోజులు సూది వేయించడం మామూలుగా ఉండేది. సూది వేసే మనిషి దారి ఖర్చు కూడా కలుపుకొని లెక్క వేస్తే, సీసా ధరలో ఉన్న తేడా అక్కడే పూడిపోతుంది. కడుపు మీద ఒత్తిడి తక్కువగా ఉండటం రెండో గుణం. మేత మానేసిన పశువు మళ్లీ నెమరు వేయడం మొదలుపెట్టడమే మాకు మొదటి శుభసూచన. ఈ మందు వేసిన పశువుల్లో ఆ సూచన ఆలస్యమైందని చెప్పగలిగిన సందర్భం నాకు ఒక్కటే గుర్తుంది, అది కూడా గొంతువాపు సోకిన బర్రె విషయంలో. గొంతువాపులో ప్రాణం నిలిపేది యాంటీబయాటిక్ గాని నొప్పి మందు కాదు.

ఇక తోటి రైతులు దీని మీద చేసే ఫిర్యాదుల్లో మొదటిది, పాత మందంత చురుకుగా ఉండదని. ఈ ఫిర్యాదు వెనుక మందు తప్పు కంటే మోతాదు తప్పే ఎక్కువని నేను నమ్ముతున్నాను. పశువు బరువులో కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున మెలాక్సికామ్ వేయాలి. 400 కిలోల బర్రెకు 200 మి.గ్రా. అవసరం. షాపుల్లో ఎక్కువగా దొరికే పాత రకం సీసాలో ఒక మి.లీ.కి 5 మి.గ్రా. మాత్రమే ఉంటుంది కాబట్టి, అదే బర్రెకు 40 మి.లీ. ఎక్కించాలి. అంత మందు ఎక్కించాలంటే ఒక చోట పట్టదు, రెండు మూడు చోట్ల పొడవాలి, సీసా ఖర్చు పెరుగుతుంది, పశువు గింజుకుంటుంది. దానితో చాలామంది 15 మి.లీ. వేసి చేతులు దులుపుకుంటారు, సాయంత్రానికి జ్వరం దిగకపోతే మందులో పస లేదంటారు. డైక్లోఫెనాక్ సంగతి వేరు. ఒక మి.లీ.కి 25 మి.గ్రా. ఉండే ఆ మందు, కిలోకు ఒక మి.గ్రా. లెక్కన వేసినా అదే బర్రెకు 16 మి.లీ.తో సరిపోయేది. అలవాటైన ఆ కొలతనే కొత్త మందుకూ వాడి, ఫలితం రాలేదని దాన్ని తిట్టడం న్యాయం కాదు.

ఒక మి.లీ.కి 20 మి.గ్రా. ఉండే చిక్కని రకం దొరికితే ఈ చిక్కు తీరిపోతుంది, ఎందుకంటే అందులో 10 మి.లీ. చాలు. నేను ఇప్పుడు అడిగి తెచ్చుకునేది అదే. అయితే సీసా మారిన సంగతి సూది వేసే మనిషికి తప్పకుండా చెప్పాలి. పలుచని సీసా కొలతతో చిక్కనిది ఎక్కిస్తే మోతాదు నాలుగింతలవుతుంది.

రెండో ఫిర్యాదు సూది మంట గురించి, అందులో నిజం ఉంది. తొలినాళ్లలో మేము వాడిన కొన్ని కంపెనీల మందు కండలోకి వెళ్లేటప్పుడు పశువు విపరీతంగా ఎగిరేది, పొడిచిన చోట మరునాటికి గడ్డ కట్టేది. ఒక ఆవు ఆ తర్వాత నెల రోజుల పాటు డాక్టరు గారి బండి చప్పుడు వినపడితేనే గుంజ చుట్టూ తిరిగేది. అన్ని కంపెనీల సరుకు అలా ఉండదు. మందు ఒక్కటే అయినా దాన్ని కరిగించే ద్రావణం తయారీని బట్టి మారుతుంది. రెండు మూడు రకాలు వాడి చూసి, పశువు తక్కువగా కదిలినదాన్ని గుర్తుపెట్టుకోవడం తప్ప దీనికి నాకు వేరే దారి కనిపించలేదు. నరంలోకి ఎక్కిస్తే మంట ఉండదు గాని, అది చేయి తిరిగిన డాక్టరు చేయాల్సిన పని.

మూడో లోపాన్ని ఫిర్యాదుగా ఎవరూ చెప్పరు, అయినా నా దృష్టిలో అదే పెద్దది. ఈ సూది వేసిన తర్వాత 5 రోజుల పాలు, 15 రోజుల దాకా మాంసం వాడకూడదని ఐరోపా లేబుళ్లు స్పష్టంగా నిర్దేశిస్తాయి. మా వైపు షాపులో మందు చేతిలో పెట్టే మనిషి ఈ మాట చెప్పగా నేను ఒక్కసారి కూడా వినలేదు. పాల కేంద్రానికి పోసే పాలు ఐదు రోజులు ఆపుకోవడం అంటే చిన్న రైతుకు ఎంత నష్టమో నాకు తెలుసు, దాన్ని మందు అసలు ధరలో కలిపి లెక్కించుకోవాలి. దీనితో పాటు మరికొన్ని జాగ్రత్తలున్నాయి. విరేచనాలతో నీరు కోల్పోయి ఎండిపోయిన పశువుకు, మూత్రపిండాలు గాని కాలేయం గాని దెబ్బతిన్న పశువుకు దీన్ని వేయకూడదు. స్టెరాయిడ్‌తోనో మరో నొప్పి మందుతోనో కలిపి అసలే వేయకూడదు. తొందరగా లేవాలని రెండు మూడు సూదులు ఒకేసారి పొడిచే అలవాటు మా ప్రాంతంలో బాగా ఉంది కాబట్టి ఈ మాట రాయక తప్పడం లేదు.

ఇంతవరకు చెప్పిన గుణదోషాలను మాత్రమే తూకం వేస్తే మెలాక్సికామ్ మంచి మందుల్లో ఒకటి అనిపించుకుంటుంది, అంతే. దాన్ని మిగతా వాటి నుంచి వేరుచేసే గుణం పశువు చనిపోయాక బయటపడుతుంది.

మన దేశంలో ఎద్దు, ఆవు, బర్రె చనిపోతే చాలా ఊళ్లలో ఊరి చివర పారవేసేవారు. చర్మం ఒలిచేవాళ్లు ఒలుచుకుంటే, మిగిలిన దాన్ని రాబందుల గుంపు గంటలోపే ఎముకల దాకా శుభ్రం చేసేది. మా నాన్న చిన్నతనంలో మా ఊరి మేత బీడులో ఆ గుంపును చూశాడు, నేను చూడలేదు. వడ్డీ వ్యాపారిని రాబందు అని తిట్టే మన భాషలో ఆ పక్షికి ఎంత అన్యాయం జరిగిందో ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే అది బతికి ఉన్నవాడి జోలికి పోదు. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు 353 ఉండేవి. వాటిని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన విభు ప్రకాశ్ దశాబ్దం గడవకముందే అవి 150కి పడిపోయాయని గుర్తించి హెచ్చరించారు. 1992 నుంచి 2007 మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి, పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం తగ్గాయి. ఒక పక్షిజాతి ఇంత వేగంగా కూలిపోవడం చరిత్రలో చాలా అరుదు.

కారణం చాలాకాలం దొరకలేదు. అంటురోగమని, పురుగుమందులని, ఆహారం కొరతని రకరకాలుగా అనుకున్నారు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో చనిపోయిన రాబందులను కోసి పరిశీలించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో నేచర్ పత్రికలో అసలు సంగతి బయటపెట్టింది. ఆ పక్షుల మూత్రపిండాలు పాడై, ఒంట్లో పేరుకుపోయిన యూరిక్ ఆమ్లం గుండె, కాలేయం పైన తెల్లటి సున్నం పూతలా గడ్డకట్టి ఉంది. వాటి మూత్రపిండాల్లో డైక్లోఫెనాక్ దొరికింది. తెల్లవీపు రాబందును చంపడానికి దాని బరువులో కిలోకు 0.1 నుంచి 0.2 మి.గ్రా. వరకు మందు చాలు. నాలుగైదు కిలోల పక్షికి ఒక మి.గ్రా. లోపే సరిపోతుందన్నమాట. పైన చెప్పిన 16 మి.లీ. లెక్కన మా బర్రెకు వేసే డైక్లోఫెనాక్ మోతాదు 400 మి.గ్రా. అవుతుంది. సూది వేసిన రెండు మూడు రోజుల్లోపు పశువు చనిపోతే దాని కాలేయంలో, మూత్రపిండాల్లో, ముఖ్యంగా సూది పొడిచిన కండలో రాబందు ప్రాణం తీసేంత మందు మిగిలే ఉంటుంది. చనిపోయే పశువుకు చివరి రోజుల్లోనే కదా సూదులు ఎక్కువగా వేయిస్తాం!

ఇక్కడ నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకె మరొకటి ఉంది. రాబందులు ఇంత వేగంగా నశించాలంటే దేశంలోని కళేబరాలన్నిటిలోనూ విషం ఉండాల్సిన అవసరం లేదని, నూటికి ఒక్కటి కూడా అక్కర్లేదని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒక కళేబరం మీద డజన్ల కొద్దీ పక్షులు వాలతాయి, ప్రతి పక్షీ రెండు మూడు రోజులకొకసారి కొత్త కళేబరం మీద తింటుంది, కాబట్టి ఏడాదిలో ఎప్పుడో ఒకసారి విషపు ముద్ద నోటికి తగలక మానదు. పుట్టిన అయిదేళ్లకు గాని గూడు కట్టని, ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఆ చావులను పూడ్చుకోలేదు. నేను 2012లో కొన్నలాంటి సీసాలు ఊరికి ఒకటి రెండు ఉన్నా చాలునన్నది ఆ లెక్కకు అర్థం.

మెలాక్సికామ్ ఈ పరీక్షలో ఎలా నిలబడిందో చూద్దాం. డైక్లోఫెనాక్‌కు బదులుగా ఏది పనికొస్తుందో వెతికే క్రమంలో, రాబందులకు ఇప్పటికే ఏ నొప్పి మందులు ఇస్తున్నారని జంతుప్రదర్శనశాలలను, పక్షుల వైద్యులను అడిగి తెలుసుకున్నారు. 60 జాతులకు చెందిన 700కు పైగా పక్షులకు మెలాక్సికామ్ ఇచ్చినా నష్టం జరగలేదని తేలింది. ఆ తర్వాత మొదట దక్షిణాఫ్రికాలోని రాబందుల మీద, అక్కడ ప్రమాదం లేదని తెలిశాక మన దేశపు జాతుల మీద పరీక్షించారు. అడవిలో ఒక రాబందు కడుపులోకి వెళ్లగలిగినంత ఎక్కువ మోతాదును, అంటే పక్షి బరువులో కిలోకు 2 మి.గ్రా. దాకా, ఇచ్చి చూశారు. మెలాక్సికామ్ వేసిన పశువుల మాంసాన్ని కూడా తినిపించి చూశారు. పక్షులు బతికాయి, వాటి రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగలేదు. 2006లో అచ్చయిన ఈ ఫలితాల తర్వాత నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, ఆవు ఒంట్లో రోజంతా నిలిచి పనిచేసే ఇదే మందును రాబందు శరీరం చాలా త్వరగా వదిలించుకుంటుంది. పశువుకు కావలసిన గుణం పశువులో, పక్షికి కావలసిన గుణం పక్షిలో ఉండటం ఎవరూ రూపొందించి చేసింది కాదు.

ఆ సంవత్సరమే మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీని నిలిపివేసింది. నేపాల్, పాకిస్తాన్ కూడా అదే ఏడాది నిషేధించాయి, బంగ్లాదేశ్ 2010లో చేసింది. నిషేధం తర్వాత కూడా మనుషుల మందు పశువుల కొట్టంలోకి ఎలా వచ్చేదో నా కథే చెబుతుంది. 2007 నుంచి 2010 దాకా 11 రాష్ట్రాల్లో షాపులను పరిశీలిస్తే 36 శాతం షాపుల్లో డైక్లోఫెనాక్ పశువుల కోసం దొరికింది. 2015 జూలైలో కేంద్రం మనుషుల సూదిమందును 3 మి.లీ. ఒకే మోతాదు సీసాలకు పరిమితం చేసింది. కంపెనీలు కోర్టుకు వెళితే 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. 3 మి.లీ. సీసాలో 75 మి.గ్రా. మందు ఉంటుంది, ఒక బర్రెకు ఐదారు సీసాలు పగలగొట్టాలి. చట్టం కన్నా ఈ చాకిరీయే ఎక్కువమందిని ఆపిందని నా అభిప్రాయం.

షాపులో మెలాక్సికామ్ లేకపోతే దానికి బదులుగా చేతిలో పెట్టే మందుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రైతు మోసపోయేది ఇక్కడే. కీటోప్రొఫెన్ రాబందులను చంపుతుందని 2009 నాటికే రుజువైంది. ఎసిక్లోఫెనాక్ ఇంకా చిత్రమైనది, పశువు ఒంట్లోకి వెళ్లాక అది డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. ముందు తలుపు మూసేస్తే పెరటి తలుపులోంచి వచ్చినట్టు. ఈ రెండింటినీ పశువులకు వాడకుండా 2023 జూలైలో నిషేధించారు. గుజరాత్‌లో చనిపోయిన రాబందుల్లో నిమెసులైడ్ దొరికిన తర్వాత దాన్ని కూడా 2024 డిసెంబరులో నిషేధించారు. ఫ్లునిక్సిన్ మీద కూడా మంచి పేరు లేదు. టోల్ఫెనమిక్ ఆమ్లం మాత్రం రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది, మెలాక్సికామ్ పడని పశువుకు డాక్టరు గారు అదే రాస్తారు. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి నేను ఒక్క పని చేస్తాను. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరును వదిలేసి, దాని కింద సన్నగా ఉండే అసలు మందు పేరును చదివిస్తాను. రెండు మందులు కలిపిన సీసాల్లో రెండో పేరును కూడా చదివిస్తాను. బిల్లులో ఆ పేరు రాయమని అడిగితే ఒక షాపులో నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

ధర విషయం త్వరగా ముగిస్తాను. మొదట్లో ఇది డైక్లోఫెనాక్ కంటే ఖరీదు. పేటెంటు అడ్డు లేకపోవడంతో ఎన్నో కంపెనీలు తయారీకి దిగి ధర దిగొచ్చింది. చిక్కని రకానికి మాత్రం ఇప్పటికీ ఎక్కువే పెట్టాలి, అది ఎక్కువ చోట్ల దొరకదు కూడా.

రాబందులతో నాకేమి పని అని అడిగేవారికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. 2024లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో అచ్చయిన ఒక పరిశోధన, రాబందులు పోయిన జిల్లాల్లో మరణాలు ఎలా పెరిగాయో లెక్కగట్టి, 2000 నుంచి 2005 మధ్య దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని అంచనా వేసింది. కుళ్లే కళేబరాలు, వాటి వల్ల పాడైన నీళ్లు, వాటిని తిని పెరిగిన కుక్కలు, ఆ కుక్కల కాటు ఇందుకు కారణాలు. రెండో జవాబు మా జిల్లాలోనే ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో ప్రాణహిత వైపు పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. నది దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అక్కడ డైక్లోఫెనాక్ లేని కళేబరాలను రాబందుల కోసం వేసే చోట్లు ఉన్నాయి. రాబందు మేత కోసం ఒక్క రోజులో వంద కిలోమీటర్లు తిరగగలదు కాబట్టి, ఆ గుట్ట మీది పక్షి ఆకాశంలో తిరిగే పరిధిలోనే మా కొట్టం కూడా ఉంది. నా చేతిలోని సీసాకు, ఆ గుట్టకు మధ్య ఉన్న దూరం అంతే.

మందు ఒక్కటే ఆ పక్షిని నిలబెట్టదన్నది నిజం. కుక్కల కోసం పెట్టే విషపు ఎర, కరెంటు తీగలు, మేత తగ్గిపోవడం కూడా ఉన్నాయి. 2015 నాటి అంచనాల్లో దేశమంతా కలిపి తెల్లవీపు రాబందులు 6,000, పొడవుముక్కువి 12,000, సన్నముక్కువి 1,000 మాత్రమే మిగిలాయి. పింజోర్‌లో, భోపాల్‌లో, మన హైదరాబాదు జూలో పిల్లలను పెంచే ప్రయత్నాలు జరుగుతున్నా, వాటిని వదిలే అడవి చుట్టూ ఉన్న కొట్టాల్లో ఏ సీసా ఉందన్నదే వాటి బతుకును తేలుస్తుంది. మొత్తం మీద మెలాక్సికామ్‌కు నేను 5కు 4 వేస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పలుచని సీసాలకు, సూది మంటకు, పాల గడువు గురించి పాటించే మౌనానికి.

కిందటి వానాకాలంలో మా ముసలి ఎద్దు కాలువ గట్టు మీద జారిపడి వెనుక కాళ్లు పడిపోయింది. డాక్టరు గారు మూడు రోజుల్లో రెండుసార్లు మెలాక్సికామ్ వేశారు. నొప్పి తగ్గింది, తవుడు తిన్నది, లేవలేకపోయింది. నాలుగో రాత్రి పోయింది. వేసిన మందుల పేర్లు, తేదీలు ఆయన నా పుస్తకంలో రాసి సంతకం చేశారు, అవి చూసుకున్నాకే ఎద్దును ట్రాక్టరులో మేత బీడుకు తోలించాను. చర్మం ఒలిచే పెద్దాయన రావడం మానేసి చాలా ఏళ్లయింది. మొదటి రోజు కాకులు వచ్చాయి, చీకటి పడ్డాక నాలుగు కుక్కలు వచ్చాయి. రెండో రోజు మధ్యాహ్నం ఎత్తున ఏదో పెద్ద పక్షి తిరుగుతున్నట్టు కనిపించి ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాను, అది గద్ద. మూడో రోజు వాసన భరించలేక పక్క చేను వాళ్లు మాట పంపితే, గుంత తీయించి పూడ్పించాను.